రెండు భోజనాల దూరం

మా వంటశాలలో ఊళ్ళను పేర్లతో పిలిచేవాళ్ళం కాదు, భోజనాలతో పిలిచేవాళ్ళం.

విమానాల్లో ప్రయాణికులకు ట్రేలలో పెట్టి ఇస్తారే, ఆ భోజనాలు వండి సర్దే వంటశాల మాది. విమానాశ్రయం ప్రహరీ గోడకు ఆనుకుని ఉంటుంది. నా వయసంతా అందులోనే గడిచింది. ఏ విమానం ఎన్ని కిలోమీటర్లు ఎగురుతుందో పైలట్లకు కావాలి గానీ మాకెందుకు? దారిలో జనానికి ఎన్నిసార్లు ఆకలేస్తుందో తెలిస్తే మాకు చాలు. పైకి లేచి, టీ తాగి, దిగిపోయేంత దగ్గరుంటే అది బిస్కెట్ ఊరు. ఒకసారి కడుపునిండా పెట్టి దింపేస్తే ఒక భోజనం ఊరు. ఎక్కగానే ఒకసారి, దిగబోయే ముందు ఒకసారి పెట్టాల్సి వస్తే రెండు భోజనాల ఊరు. మా కంపెనీ విమానాలు అంతకంటే దూరం వెళ్ళేవి కావు. మా లెక్కలో ప్రపంచం అక్కడితో సరి.

ఆ రెండు భోజనాల ఊళ్ళో మా వదిన ఉండేది.

వదిన అంటే మా అన్నయ్య భార్య. నన్ను చెయ్యి పట్టుకుని ఆ వంటశాలలోకి తీసుకెళ్ళింది తనే. అమ్మా నాన్నా పోయాక అన్నయ్య పంచన చేరిన నాకు చదువూ అబ్బలేదు, కుట్టుపనీ అబ్బలేదు. నోరు మాత్రం బాగా అబ్బింది. "దీన్ని ఇంట్లో వదిలేస్తే ఇరుగుపొరుగు ఊరొదిలి పోతారు. నాతో తీసుకెళతాను," అని అన్నయ్యతో చెప్పి, మర్నాడే నన్ను తన పక్కన నిలబెట్టుకుంది.

అదొక పొడవాటి హాలు. మధ్యలో కదిలే బెల్టు, దానికి అటూ ఇటూ మేము. వండినవి పాడవకుండా హాలునెప్పుడూ చలిలో ఉంచేవాళ్ళు. బయట రోడ్డు మీద తారు కరుగుతున్నా లోపల మేం స్వెట్టర్లు తొడుక్కుని, తలకు కాగితం టోపీలు పెట్టుకుని, ముక్కులు ఎగబీల్చుకుంటూ నిలబడేవాళ్ళం. నా ముందుకొచ్చిన ట్రేలో నేను రొట్టె, వెన్న, చెంచాల పొట్లం పెట్టేదాన్ని. వదిన గిన్నెలకు రేకు మూతలు వేసి అంచులు మడిచేది. అందరూ నాలుగు వైపులా బిగించి తోసేసేవారు. వదిన మాత్రం ఒక మూల దగ్గర రేకును కొంచెం పైకి లేపి బొటనవేలితో నొక్కేది.

"ఎందుకు వదినా ఆ ముస్తాబు?" అని అడిగాను మొదట్లో.

"పట్టుకుని లాగడానికి మూల ఉండాలి కదే పిల్లా. పైన కూర్చున్నవాళ్ళు ఆకలి మీదుంటారు. మూతతో కుస్తీ పట్టమంటావా?" అంది.

అలా అని తను ఎన్నడైనా విమానం ఎక్కిందా అంటే, లేదు. మా హాల్లో ఎవరూ ఎక్కలేదు. విమానాలు మా నెత్తి మీంచే లేచేవి, గిన్నెలు గలగలమనేవి, మేం తల కూడా ఎత్తేవాళ్ళం కాదు.

వదిన ట్రే సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. మాలాంటి ఉద్యోగులకు, రిటైరైనవాళ్ళకు కూడా, కంపెనీ ఏడాదికొక టికెట్టు ఇచ్చేది. స్టాఫ్ టికెట్టు అంటారు. సంబరపడిపోవాల్సిన పని లేదు, డబ్బు పెట్టి కొన్నవాళ్ళంతా ఎక్కాక సీటు మిగిలితేనే అది చెల్లుతుంది. ఒకసారి మా బట్టలు ఉతికే విభాగంలో ఒకామె అలా ఆఖరి నిమిషంలో ఎక్కింది. భోజనాలు టికెట్లు కొన్నవాళ్ళకే సరిపోయాయి. ఆ మహాతల్లి రెండు భోజనాల ఊరి దాకా మంచినీళ్ళు తాగుతూ వెళ్ళింది. తిరిగొచ్చి నవ్వుతూ చెబితే అందరం నవ్వాం, వదిన ఒక్కతే నవ్వలేదు. ఆ రోజు నుంచి ప్రతి విమానానికీ చెప్పినదానికంటే ఒక ట్రే ఎక్కువ సర్దించింది. మేనేజరు అంతెత్తున లేచాడు. "చివర్లో ఎక్కిన మనిషి కడుపు ఇంట్లో వదిలేసి వస్తుందా సార్?" అని అడిగింది వదిన. ఆయన గొణుక్కుంటూ వెళ్ళిపోయాడు. తర్వాత మేనేజర్లు మారారు, బెల్టు మారింది, ఆ ట్రే మాత్రం నిలిచిపోయింది. దాన్ని అందరూ వదిన ట్రే అనేవారు.

నాకు పెళ్ళి కాలేదు. కుదర్చాల్సిన వదినే వచ్చిన ప్రతి సంబంధానికీ నాకంటే ఎక్కువ వంకలు పెట్టింది. ఒకడి నడక బాగాలేదంది, ఇంకొకడు నమిలేటప్పుడు చప్పుడు చేస్తాడంది. అన్నయ్య తల పట్టుకునేవాడు. "మీ ఇద్దరూ ఒకరినొకరు చేసుకుని నన్నొదిలెయ్యండి," అనేవాడు. రెండు గదుల ఇల్లు, ముగ్గురం మనుషులం, ఒకే వంటశాల జీతాలు. ఆ రోజుల్ని ఇప్పుడు తలుచుకుంటే నాకు నా మీదే అసూయ పుడుతుంది.

అన్నయ్య మా వంటశాలలోనే లారీ నడిపేవాడు. మామూలు లారీ కాదు, విమానం పక్కన ఆపి మీట నొక్కితే వెనక పెట్టె మొత్తం పైకి లేచి విమానం తలుపు ఎత్తుకు చేరుతుంది. ట్రేల బండ్లు అలాగే లోపలికి తోస్తారు. తను లారీ వెనక్కి తిప్పి మా గుమ్మానికి ఆనించేటప్పుడు రెండుసార్లు హారన్ కొట్టేవాడు. నియమాల ప్రకారం ఒకసారి చాలు. రెండోది వదినకి. తను మూతలు మడుస్తూనే, తల ఎత్తకుండానే, "వచ్చాడండీ మహారాజు," అనేది. చెవులు మాత్రం ఎర్రబడేవి.

ఆ అన్నయ్య జబ్బు చేసి పోయాడు. ఎక్కువ చెప్పను, చెప్పలేను. నెల తిరిగాక వదిన పనిలోకి వచ్చింది. కొత్త డ్రైవరు లారీని గుమ్మానికి ఆనించి ఒక్కసారి హారన్ కొట్టాడు. అతని తప్పేముంది? వదిన చేతిలో రేకు అలాగే ఉండిపోయింది. బెల్టు మీద మూతల్లేని గిన్నెలు వరసగా ముందుకు వెళ్ళిపోతున్నాయి. ఆ వారంలోనే అవతలి ఊళ్ళో, అదే రెండు భోజనాల ఊళ్ళో, మా కంపెనీ కొత్త వంటశాల తెరుస్తోందని, పని తెలిసిన చెయ్యి కావాలని కబురొచ్చింది. వదిన తన పేరు ఇచ్చేసింది.

"రెండేళ్ళు ఉండి వచ్చేస్తానే. ఎంత దూరమని? రెండు భోజనాలు," అంది బ్యాగు సర్దుకుంటూ.

నిజమే కదా అనుకున్నాను. పొద్దున ఇక్కడ తిని బయల్దేరితే రాత్రి అక్కడ తినొచ్చు. అదీ ఒక దూరమేనా? ప్రపంచంలో ఎవరైనా ఆ దూరాన్ని వేల కిలోమీటర్లలో విని గుండె పట్టుకుంటారు. మాకు భోజనాల్లో చెప్పుకోవడం అలవాటైపోయి, అది పక్క వీధిలాగే అనిపించేది. పక్క వీధికి ఎప్పుడైనా వెళ్ళొచ్చు. కాబట్టి ఇద్దరం ఎప్పుడూ వెళ్ళలేదు.

రెండేళ్ళన్నది ఇరవై ఏళ్ళు దాటింది. ఆ వంటశాల వాళ్ళు వదినను వదల్లేదు, తనూ వదిలించుకోలేదు. ప్రతి ఆదివారం ఫోన్ చేసుకునేవాళ్ళం.

"ఎప్పుడొస్తున్నావు వదినా?"

"వస్తాలే. ఎంత దూరమే? నువ్వే రావచ్చుగా?"

"నేనూ వస్తాలే. ఎంత దూరం?"

ఇదే మాట ప్రతి ఆదివారం, టీ తాగినంత మామూలుగా. ఏడాదికొక టికెట్టు చొప్పున ఇద్దరివీ ఎన్ని మురిగిపోయాయో దేవుడికి తెలుసు. నాకున్న ఓదార్పు వేరే ఉండేది. అవతలి నుంచి వచ్చిన విమానంలో మిగిలిపోయిన ట్రేలు కడగడానికి మా దగ్గరికి వచ్చేవి. తెరవని గిన్నెల మూతలకు మూల దగ్గర ఆ నొక్కు కనిపించేది. నేను చేతి తొడుగు తీసి, ఎవరూ చూడకుండా, ఆ నొక్కులో నా బొటనవేలు పెట్టి చూసుకునేదాన్ని. పిచ్చి పని. అయినా ఆ రోజంతా హుషారుగా ఉండేది.

నేను రిటైరయ్యాను, వదినా రిటైరైంది. అయినా అక్కడే, ఒక లాండ్రీ పైన గది తీసుకుని ఉండిపోయింది. నేను అన్నయ్య ఇంట్లోనే ఉన్నాను. సాయంత్రం నేను వేసుకున్న తాళం నేనే తీసుకుని లోపలికి రావడం, నేను ఆర్పి వెళ్ళిన దీపం నేనే వెలిగించుకోవడం మొదట్లో గొప్పగానే ఉండేది. ఆ తర్వాత గొప్ప పోయింది.

అలాంటప్పుడు పిడుగులాంటి వార్త. రెండు భోజనాల ఊరికి మా కంపెనీ విమానం ఆపేస్తున్నారు. నష్టమొస్తోందట. ఈ నెలాఖరున ఆఖరిసారి అటు వెళ్ళి ఇటు వస్తుంది, అంతే. వేరే కంపెనీల విమానాలున్నాయి గానీ వాటికి మా టికెట్టు చెల్లదు. కొందామంటే, ట్రేలో వెన్న పెట్టి బతికిన మనిషి కొనగలిగే ధరలు కావు. రైళ్ళు మారుతూ, మధ్యలో ఓడెక్కి వెళ్ళే దారి ఒకటుంది, దాని పేరు చెబితేనే నా మోకాళ్ళు మొరాయిస్తాయి.

పక్క వీధి ఒక్కసారిగా లోకం అవతలికి జరిగిపోయింది. వదినతో అనాల్సిన మాట ఒకటి ఇన్నేళ్ళుగా నా గొంతులోనే ఉండిపోయింది. ఇంటికి వచ్చెయ్ వదినా అని. అదొక్కటే. ఎప్పుడొస్తావు అని అడగడం వేరు, వచ్చెయ్ అనడం వేరు. ఫోన్లో అంటే నవ్వుల్లో కలిపేస్తుంది. ఎదురుగా నిలబడి, కళ్ళలోకి చూసి అంటే కాదనలేదు. ఇప్పుడు వెళ్ళకపోతే ఆ మాట నాతోనే పోతుంది.

వస్తున్నానని తనకు చెప్పలేదు. చెబితే, "ఈ వయసులో ఎందుకే, మోకాళ్ళు జాగ్రత్త," అని ఆపేస్తుంది. తిరిగి రావడం సంగతి ఆలోచించలేదు. వదిన పక్కనుంటే ఎలాగోలా వస్తాం.

విమానాశ్రయానికి రెండుసార్లు వెళ్ళి సీటు దొరక్క ఉసూరుమంటూ తిరిగొచ్చాను. ఆపేస్తున్నారనేసరికి జనమంతా ఎగబడుతున్నారు. ఇక నెలాఖరు విమానం ఒక్కటే మిగిలింది. ఆ రోజు పొద్దున్నే వెళ్ళి కౌంటర్ అమ్మాయి ముందు నిలబడ్డాను.

"సీటు మిగిలితే పిలుస్తానమ్మా. చెప్పలేను, కష్టమే," అంది పాపం.

ఆ అమ్మాయికి తెలియకపోవచ్చు, పైలటుకూ తెలియకపోవచ్చు. ఏ విమానంలో ఎంతమంది ఎక్కుతున్నారో అందరికంటే ముందు తెలిసేది వంటశాలకే. కుర్చీలో కూర్చుని మా హాలుకు ఫోన్ చేశాను. ఇప్పుడక్కడ సూపర్‌వైజర్ చిలక. ఒకప్పుడు నా దగ్గరే ట్రేలు సర్దడం నేర్చుకుంది, వాగుడు చూసి ఆ పేరు నేనే పెట్టాను.

"చిలకా, రెండు భోజనాల ఊరికి ఎన్ని సర్దారే ఇవాళ?"

"ఎన్ని సీట్లో అన్ని అత్తా. ఫుల్లు. ఏం, ఎవరైనా వెళ్తున్నారా?"

"ఎవరూ లేరులే," అని పెట్టేశాను.

అన్ని సీట్లకూ అన్ని భోజనాలు. ఇంకేం మిగులుతుంది? కౌంటర్ అమ్మాయికి చెప్పను కూడా చెప్పకుండా బ్యాగు లాక్కుంటూ బస్‌స్టాప్‌కు వచ్చేశాను. బస్సు వచ్చింది. ఒక కాలు మెట్టు మీద పెట్టానో లేదో ఫోన్ మోగింది.

"అత్తా, పెట్టేస్తావేం అంత తొందరగా?" అంది చిలక. "నేను చెప్పిన లెక్క వదిన ట్రేతో కలిపి. ఎవరైనా అడిగితే చెబుతావేమోనని. తప్పు చెప్పినట్టవుతుంది కదా."

బస్సు మెట్టు మీద ఒంటికాలితో అలాగే నిలబడిపోయాను. వదిన ట్రే తీసేస్తే ఒక మనిషి తక్కువ. ఒక సీటు ఖాళీ. ఇన్నేళ్ళు ఆ ట్రేను నా చేతులతో సర్ది, నేనే దాన్ని లెక్కలో మరిచిపోయాను!

"ఎక్కుతారా, దిగుతారా?" అని అరిచాడు కండక్టరు.

"దిగుతా నాయనా, దిగుతా! ఎక్కాల్సింది ఇది కాదు," అన్నాను. బస్సులో అందరూ నన్ను వింతగా చూశారు.

నేను తిరిగొచ్చేసరికి కౌంటర్ అమ్మాయి మైకులో నన్నే పిలుస్తోంది. చెమటతో, ఆయాసంతో వెళ్ళి కౌంటరును రెండు చేతులతో పట్టుకున్నాను.

నా సీటు ఆఖరి వరసలో, బాత్‌రూమ్ పక్కన. ఎక్కడైతేనేం, నాకు సింహాసనమే. విమానం పైకి లేస్తుంటే కిటికీలోంచి మా వంటశాల రేకుల కప్పు కనిపించింది. అరచేతిలో పట్టేలా ఉంది. అంత చిన్నదా? మా అన్నయ్య, వదిన, నేను, మా నవ్వులు, మా పోట్లాటలు, అన్నీ అందులోనే పట్టాయా? ముక్కు చీదుకున్నాను. పక్క సీటాయన కొంచెం అవతలికి జరిగాడు.

పైలటు మైకులో ఎన్ని వేల కిలోమీటర్లో, ఎన్ని గంటల ప్రయాణమో చెప్పాడు. ముందు సీటు వెనకనున్న చిన్న తెర మీద పటం, దాని మీద ఈగంత విమానం. అది కదలదే! నేను కళ్ళార్పకుండా చూస్తున్నా అక్కడే ఉంది. కింద సముద్రం అయిపోదు, అయిపోయిందనుకుంటే కొండలు మొదలయ్యాయి. అప్పుడు మొదటిసారి నాకు భయం వేసింది. ఇంత దూరమా? దీన్నా మేం పక్క వీధి అనుకున్నది? ఈ దూరాన్ని ఒకసారి కిలోమీటర్లలో విని ఉంటే, అప్పుడే ఉలిక్కిపడి, అప్పుడే పరిగెత్తి ఉండేవాళ్ళమేమో.

భోజనాల బండి వచ్చింది. ఆ బండిని ముందు నుంచి చూడటం నాకదే మొదటిసారి. అందరికీ ఇచ్చుకుంటూ నా దగ్గరికి వచ్చేసరికి ఆ పిల్ల ఆఖరి అర లాగింది.

"అదృష్టవంతులమ్మా మీరు. చివర్లో ఎక్కారు కదా, మీకు ఉంటుందో ఉండదో అనుకున్నా. ఒక ట్రే ఎక్కువే పెట్టారు," అంది.

ట్రే నా ముందుంది. రొట్టె, వెన్న, చెంచాల పొట్లం, మూత వేసిన గిన్నె. ఎప్పుడో ముక్కూ మొహం తెలియని మనిషి కోసం వదిన తెగించి పోట్లాడి పెట్టించిన ముద్ద తిరిగి తిరిగి నా నోటికి వచ్చింది. నేను ఏడుస్తూ తిన్నాను. దాచుకోలేదు.

"కారం ఎక్కువైందా అమ్మా?" అని అడిగింది ఆ పిల్ల.

"లేదమ్మా. సరిగ్గా ఉంది," అన్నాను.

రెండో భోజనం వచ్చేసరికి తలదువ్వుకుని, మొహం తుడుచుకుని కూర్చున్నాను. ఆ లెక్క మాత్రం తప్పలేదు. ట్రేలు తీసుకెళ్ళిన కాసేపటికి చెవులు గుయ్యిమన్నాయి, విమానం దిగింది. అవతలి ఊళ్ళో ఇంకా ఎండ వెలుగుంది.

బయటికి రాగానే వదినకు ఫోన్ చేశాను. స్విచాఫ్. మళ్ళీ చేశాను, అంతే. గది కింద లాండ్రీ నంబరు ఉంటే దానికి చేశాను. మగ గొంతు పలికింది.

"ఆవిడా? గది ఖాళీ చేసేసిందమ్మా," అన్నాడు లాండ్రీ ఆయన. "సామానంతా చుట్టుపక్కల వాళ్ళకి పంచేసింది. నాకు కుర్చీ ఇచ్చింది. ఎయిర్‌పోర్టుకి వెళ్ళిపోయింది, వాళ్ళ ఆడపడుచు దగ్గరికట. ఆఖరి విమానం ఇవాళేనంటగా?"

నేను వచ్చిన విమానమే కడిగి, బండ్లు మార్చి, వెనక్కి తిప్పి పంపుతారు. దానిలో వదిన వెళ్ళిపోతోంది, నా కోసం, నేను లేని ఇంటికి. ఎదురుపడిన ఊడ్చేవాణ్ణి పట్టుకుని స్టాఫ్ టికెట్ల కౌంటరు ఎక్కడని అడిగాను. పై అంతస్తు అన్నాడు. లిఫ్ట్ ముందు జనం బారులు తీరి ఉన్నారు. మెట్లెక్కాను. నా మోకాళ్ళు నన్ను తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను.

పైకి చేరేసరికి మనిషి కంటే ముందు గొంతు వినపడింది.

"అంత పెద్ద విమానం, ఒక్క ముసలిదాన్ని పట్టదా నాయనా? పోయిన వారమూ ఇదే మాట, అంతకు ముందూ ఇదే మాట!"

నా వైపు వీపు పెట్టి కౌంటరు కుర్రాడితో పోట్లాడుతోంది వదిన. జుట్టు తెల్లబడిపోయింది. భుజాలు వంగిపోయాయి. వెనక నుంచి చూస్తే రోడ్డు మీద ఎవరో అనుకుని దాటి వెళ్ళిపోయేదాన్ని. గొంతు మాత్రం అదే, బెల్టు చప్పుడు మీదుగా హాలంతా వినపడిన గొంతు.

"వదినా," అన్నాను.

తిరిగి చూసింది. చాలాసేపు చూసింది. ఆ తర్వాత కోపమొచ్చింది తనకు.

"నువ్వేంటే ఇక్కడ?"

"నువ్వేంటి ఇక్కడ?"

"నేను నీ దగ్గరికి వస్తున్నా!"

"నేను నీ దగ్గరికి వచ్చా!"

"చెప్పి ఏడవచ్చుగా?"

"చెబితే రావద్దంటావని."

"నేనూ అందుకే చెప్పలేదు. నోరు జారతానని ఫోన్ కూడా ఆపేశా," అంది వదిన, గొంతు తగ్గించి. ఇద్దరం ఒకరి చేతులొకరం పట్టుకుని పిచ్చివాళ్ళలా నవ్వడం మొదలుపెట్టాం. పక్కన నిలబడ్డవాళ్ళు కూడా నవ్వారు.

అంతలో కౌంటరు కుర్రాడు పిలిచాడు. "పెద్దమ్మగారూ, మీ అదృష్టం. ఒక సీటు మిగిలింది. ఒక్కటే. గేటు మూసేస్తున్నారు, తొందరగా చెప్పండి."

నవ్వు ఆగిపోయింది. ఒక్కటే సీటు, ఆఖరి విమానం. ఆ తర్వాత ఈ దారి ఉండదు. వదిన నా వైపు చూసింది. నేను బ్యాగులోంచి ఇంటి తాళం తీసి తన చేతిలో పెట్టాను. ఇన్నేళ్ళకు ఇల్లు చేరే వీలు దొరికింది తనకు. నేను అడ్డుపడితే ఎలా?

"నువ్వెళ్ళు వదినా. ఇంటికెళ్ళి ఉండు. నేనెలాగోలా వెనకాల వస్తాను," అన్నాను.

"బుద్ధుందా నీకు?" అంది వదిన. "ఇరవై ఏళ్ళు నువ్వక్కడ నేనిక్కడ ఏడ్చాం. ఇప్పుడు నేనక్కడ నువ్విక్కడ ఏడుద్దామంటావా?"

వెనక వరసలో చంటిపిల్లను భుజాన వేసుకుని ఒకామె నిలబడి ఉంది. మాలాంటి టికెట్టే, మాలాంటి చూపే. వదిన ఆమె వైపు చెయ్యి చూపించి, "ఆ అమ్మాయికి ఇచ్చెయ్ నాయనా," అంది. ఆమె దండం పెట్టబోతే, "పో, పో, గేటు మూసేస్తారు," అని తోసింది.

ఆమె పరుగెత్తుతూ వెళ్ళిపోయింది. కౌంటరు కుర్రాడు బోర్డు తిప్పేసి లేచాడు. హాలు ఖాళీ అవుతోంది. వదిన తన సంచి మీదే కూలబడి, ఇంటి తాళాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. కళ్ళు నిండాయి.

"ఇన్నేళ్ళలో ఒక్కసారి రమ్మన్నావుటే? ఎప్పుడొస్తావు, ఎప్పుడొస్తావు అనడమే గానీ, వచ్చెయ్ అని ఒక్కసారి అన్నావా? మొగుడు పోయిన ఇల్లు. పిలవకుండా ఏ మొహం పెట్టుకుని రానే?"

"నీ ఇల్లు వదినా అది. నీ ఇంటికి నిన్ను నేను పిలవడమేంటని..."

"పిలవాలే," అంది. చిన్నపిల్లలా పెదవి విరుచుకుంది. "నా ఇల్లయినా సరే, పిలవాలి."

నేను కింద కూర్చున్నాను, మోకాళ్ళు ఏమన్నా సరే అని. గొంతులో ఇరవై ఏళ్ళుగా ఉన్న మాట, ఎంతో తేలిక మాట, ఇప్పుడు కూడా వెంటనే రాలేదు.

"వచ్చెయ్ వదినా. నువ్వు లేక నాకేం బాగాలేదు. ఇంటికి వచ్చెయ్," అన్నాను.

వదిన నా తల మీద చెయ్యి వేసింది. తర్వాత తనే లేచి, ముక్కు తుడుచుకుని, తన సంచి ఒక పిడి తను పట్టుకుని రెండోది నాకిచ్చింది.

"పద. రైలు స్టేషనుకు బస్సు ఇక్కడే కింద దొరుకుతుంది," అంది.

"రైలా? మధ్యలో ఓడ కూడా ఎక్కాలట కదా!"

"ఎక్కుదాం."

"నాకు ఓడంటే కళ్ళు తిరుగుతాయి."

"నన్ను పట్టుకో."

మెట్ల దగ్గర ఆగాను. తెర మీద కదలకుండా నిలబడిపోయిన ఆ ఈగంత విమానం, అయిపోని ఆ సముద్రం, ఆ కొండలు కళ్ళ ముందు తిరిగాయి. అంత దూరాన్నీ ఇప్పుడు నేల మీద, నీళ్ళ మీద దాటాలి.

"ఎన్నాళ్ళు పడుతుంది వదినా?" అని అడిగాను.

వదిన అప్పటికే ఒక మెట్టు దిగి, నా కోసం చెయ్యి చాపి నిలబడింది.

"పడితే పడనీవే," అంది.